మెలకువలోంచి నేరుగా కలలోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

కల కంటూ ఉండగానే "ఇది కల" అని తెలిసిపోవడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. ఎక్కువమందికి అది కల మధ్యలో తెలుస్తుంది. ఎప్పుడో పోయిన తాతయ్య పక్కన కూర్చుని పెళ్ళి భోజనం చేస్తుంటారు, ఉన్నట్టుండి "తాతయ్య లేరు కదా" అని తడుతుంది. అది ఒక దారి. ఇక్కడ రాస్తున్నది రెండో దారి గురించి. మెలకువగా పడుకుని, ఒంటిని నిద్రపోనిచ్చి, ఎరుక తెగకుండా కలలోకి వెళ్ళడం. సాధన చేసేవాళ్ళు దీన్ని వైల్డ్ అంటారు. వేక్ ఇనీషియేటెడ్ లూసిడ్ డ్రీమ్ అనే మాటకి అది పొట్టి పేరు.

నేను ఆరేళ్ళుగా చేస్తున్నాను. డాక్టర్ని కాను, యోగా గురువునీ కాను. అడిగిన ప్రతివాళ్ళకీ వాయిస్ మెసేజ్‌లలో చెప్పిందే చెబుతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది నిజంగా జరిగేదేనా? మీరు ఊహించుకుంటున్నారేమో?

ఈ అనుమానం సైంటిస్టులకీ ఉండేది. నిద్రపోతున్న మనిషి "నేను కలలో ఉన్నాను, ఆ సంగతి నాకు తెలుసు" అని బయటివాళ్ళకి ఎలా చెప్పగలడు? కలలు బాగా వచ్చే దశలో, అంటే రెమ్ నిద్రలో, కాళ్ళూ చేతులూ మెదడు మాట వినవు. కళ్ళు మాత్రం కదులుతాయి. దారి అక్కడే దొరికింది. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆలన్ వర్స్‌లీ అనే ఆయన్ని పడుకోబెట్టాడు. కలలో ఉన్నానని తెలియగానే కళ్ళని కుడికీ ఎడమకీ తిప్పమని ముందే చెప్పి ఉంచాడు. మెషిన్ మీద గీతలు రెమ్ నిద్రనే చూపిస్తుండగా, అనుకున్న సైగ అనుకున్నట్టు వచ్చింది. ఆ తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబర్జ్ ఇదే విషయాన్ని విడిగా రుజువు చేసి, 1980లో దాని మీదే పీహెచ్‌డీ పూర్తి చేశాడు.

2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ ల్యాబులు ఇంకాస్త ముందుకు వెళ్ళాయి. నిద్రలో ఉన్నవాళ్ళని ప్రశ్న అడిగితే కలలోంచే జవాబు చెప్పారు. ఒక కుర్రాడిని ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, కళ్ళు రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఆ సంగతి చదివిన రోజు నాకు కన్నీళ్ళొచ్చాయి. కల లోపలి నుంచి బయటికి ఒక అంకె వచ్చింది!

ఇక మన దారి సంగతి. స్టాన్‌ఫర్డ్‌లో ఇలా సైగలతో రుజువైన కలల్లో సుమారు నాలుగో వంతు మెలకువలోంచి నేరుగా వెళ్ళినవే. మిగతావి కల మధ్యలో ఎరుక కలిగినవి. కాబట్టి ఇది తక్కువగా నడిచే దారే కానీ, లేని దారి కాదు.

మన యోగంలో ఇది ఎప్పటి నుంచో ఉంది కదా?

ఉంది, అయితే గురి వేరు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, ఆ మూడింటికీ ఆధారమైన తురీయం గురించి మాట్లాడుతుంది. టిబెట్ బౌద్ధుల్లో స్వప్నయోగమే ఒక సాధన. నారోపా అనే గురువు పేరు మీద ఉన్న ఆరు యోగాల్లో అది ఒకటి. వాళ్ళు కలలో ఎరుకని కోరుకున్నది మెలకువ కూడా కల లాంటిదేనని తెలుసుకోవడానికి, గాలిలో ఎగరడానికి కాదు. రెండింటినీ ఒకటే అని చెప్పేవాళ్ళని నేను ఒప్పుకోను. కానీ యోగనిద్ర మాత్రం మనకి బాగా పనికొస్తుంది. బీహార్‌లోని ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి ప్రచారం చేసిన ఆ పద్ధతిలో, ఒళ్ళంతా ఒక్కో భాగంగా వదిలేస్తూ మెలకువగా ఉండటమే పని. ముందు నెల రోజులు అది చేసి వచ్చినవాళ్ళకి ఈ సాధన సులువుగా పట్టుబడటం చూశాను.

రాత్రి పడుకోగానే రోజూ ప్రయత్నిస్తున్నాను. ఒక్కసారి కూడా కుదరలేదు. ఎందుకు?

అది కలలు దొరికే వేళ కాదు కాబట్టి. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా సాగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్రే ఎక్కువ. రెమ్ అందులో పది నిమిషాలు ఉంటే గొప్ప. తెల్లవారే కొద్దీ గాఢనిద్ర పలచబడి రెమ్ పెరుగుతుంది, చివరి చుట్లలో అరగంటకి పైగా కూడా ఉంటుంది. పగలంతా అలసిపోయి పదింటికి నడుం వాల్చిన మనిషి ఎరుకతో కలలోకి వెళ్ళాలంటే మధ్యలో ఆ గాఢనిద్ర అంతా దాటాలి. అది అయ్యే పని కాదు. ఐదు గంటలు నిద్రపోయి లేచిన మనిషికి మాత్రం రెమ్ పక్కగదిలోనే ఉంటుంది.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్ళలో అంటారు. నిజమవడం మాట ఎలా ఉన్నా, ఆ వేళ కలలు వేరని పెద్దవాళ్ళు గమనించారు. అవి పొడుగ్గా ఉంటాయి, రంగులు తేటగా ఉంటాయి, లేవగానే గుర్తుంటాయి.

ఈ పేజీలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి: పద్ధతి ఏదైనా ఫరవాలేదు, వేళ తప్పితే మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు. నేను మొదటి రెండు నెలలు రాత్రి పదిన్నరకి శవాసనంలో పడుకుని, పన్నెండు దాకా కదలకుండా పళ్ళ బిగువున ఉండేవాణ్ణి. మర్నాడు తలనొప్పి తప్ప మిగిలిందేమీ లేదు. వేళ మార్చాక మూడో వారంలో మొదటిసారి లోపలికి వెళ్ళాను.

సరే, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలి?

నేను చేసేది చేసినట్టు చెబుతాను, మీకు తగ్గట్టు మార్చుకోండి.

శుక్రవారం, శనివారం రాత్రుల్లోనే చేస్తాను. పదకొండుకి పడుకుంటాను. నాలుగుంబావుకి దిండు కింద ఫోన్ వైబ్రేట్ అవుతుంది. రింగ్‌టోన్ పెట్టను. ఉలిక్కిపడి లేస్తే గుండె దడ తగ్గేసరికే పావుగంట పోతుంది. ఫోన్ ఆపి బోర్లా పెట్టేస్తాను. ఆ టైమ్‌లో ఆఫీసు గ్రూపులో మెసేజ్ ఒక్కటి కంటబడితే చాలు, ఆ రాత్రికి ఇక అంతే. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, రెండు గుక్కలు నీళ్ళు తాగి, దేవుడి గది జీరో బల్బు వెలుతుర్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అప్పుడే వచ్చిన కలని నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాస్తాను. వెళ్ళాలనుకున్న చోటుని తలుచుకుంటాను.

ఎంతసేపు కూర్చోవాలన్నది అందరూ అడుగుతారు. నాకు పదిహేను, ఇరవై నిమిషాలు సరిపోతుంది. మరీ తొందరగా పడుకుంటే ఎరుక చేతిలోంచి జారిపోయి మామూలు నిద్ర పడుతుంది. మరీ తేరుకుంటే ఇక దొర్లడమే. నేను గడియారం చూడను, ఆవులింత కోసం చూస్తాను. రెండో ఆవులింత రాగానే లేచి పక్క మీదికి వెళ్తాను.

పడుకున్నాక పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటు వదులు చేసుకుంటూ పైకి వస్తాను. దవడ దగ్గర ఆగండి. పళ్ళు కొరుక్కుంటున్నామని మనకే తెలియదు. కింది దవడ వేలాడేట్టు వదిలితే సగం పని అయినట్టే. నాలుక కూడా అంగుట్లో అతుక్కుని ఉంటుంది, దాన్నీ వదలాలి. ఆ తర్వాత మనసుకి పట్టుకోవడానికి ఒక దారం ఇవ్వాలి. కొందరు "ఒకటి, ఇది కల. రెండు, ఇది కల" అని లెక్కపెడతారు, ఇది లబర్జ్ నేర్పిన పద్ధతే. కొందరు చూపుడు వేలినీ మధ్య వేలినీ హార్మోనియం మెట్ల మీద ఆడించినట్టు, బయటికి కనిపించనంత మెల్లగా మార్చి మార్చి కదుపుతారు. కొందరికి ఫ్యాన్ చప్పుడు చాలు. నాకు లెక్కలు పడవు, వందకి చేరేసరికి ఎల్‌కేజీ పిల్లాడిలా పట్టుదల వచ్చేస్తుంది. అందుకే నేను నడుస్తాను. మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు ఉండేది. దాని వీధి మెట్లు మూడు. ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు, అరుగు, గుమ్మం, దర్వాజా మీద చెయ్యి. మళ్ళీ మొదటికి. కలప గరుకు అరచేతికి తెలిసేదాకా.

మాగన్ను నిద్రలో ఉన్నానని ఎలా తెలుస్తుంది?

మాగన్ను అనే మాట మనకి ఉండటం అదృష్టం. నిద్రా కాని, మెలకువా కాని ఆ సన్నటి చోటుకి ఫ్రెంచి పండితుడు అల్ఫ్రెడ్ మోరీ 1848లో హిప్నగోగిక్ అని పేరు పెట్టాడు. మన అవ్వలు వాలుకుర్చీలో జపమాల తిప్పుతూ వెళ్ళేది అక్కడికే.

ముందు మూసిన కళ్ళ వెనక మసక రంగులు కదులుతాయి. తర్వాత ముక్కలు ముక్కలుగా బొమ్మలు: ఒక సైకిల్ చక్రం, ఎవరిదో మొహం, ఇస్త్రీ చేసిన చొక్కా. ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. నేను నమ్మే గుర్తు ఇవేవీ కావు. మనసులో నడుస్తున్న మాట అర్థం లేకుండా మారిపోవడమే అసలు గుర్తు. ఒకసారి కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి "ఆ బిల్లుని చింతపండులో నానబెడితే యూనిట్లు తగ్గుతాయి" అనుకుని, అది చాలా సబబుగా ఉందని కూడా అనుకున్నాను. అలాంటి మాట ఒకటి పట్టుబడిందంటే మీరు గట్టు దాటుతున్నారు. అక్కడ "అదిగో, వస్తోంది!" అని సంబరపడితే మళ్ళీ పూర్తి మెలకువే. గమనించి ఊరుకోవాలి.

ఎంత పట్టుకోవాలి, ఎంత వదలాలి అన్నదే మొత్తం విద్య. నాకు ఇది పిల్లని జోకొట్టే తల్లిని చూశాక అర్థమైంది. మా అక్క తన కూతుర్ని పక్కలో వేసుకుని వీపు మీద తడుతూ ఉండేది. గట్టిగా తడితే పిల్ల లేస్తుంది. ఆపేస్తే ఏడుస్తుంది. కాసేపటికి అక్కకీ కునుకు పట్టేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. మీ ఒళ్ళు ఆ పిల్ల. మీ ఎరుక అక్క చెయ్యి.

బొమ్మలు కాస్త నిలకడగా వచ్చేదాకా వాటిని చూస్తూ ఉండండి. వాటికి లోతు వస్తుంది. గోడ మీద బొమ్మలా కనిపించింది కాస్తా, మీరే అందులో నిలబడ్డ చోటు అవుతుంది. నాకైతే ఆ క్షణంలో కాళ్ళ కింద నేల ముందు తెలుస్తుంది, చూపు తర్వాత వస్తుంది.

ముక్కు మీద దురద పుడుతోంది, గుటక మింగాలనిపిస్తోంది. కదలకూడదంటారు కదా?

గోక్కోండి. మింగండి. రెమ్‌లోకి వెళ్ళాలంటే రాయిలా పడి ఉండాలన్నది ఇంటర్నెట్‌లో తిరిగే అపోహ. రోజూ నిద్రపోయే ముందు పక్కకి తిరుగుతూనే ఉంటాం, అయినా నిద్ర పడుతుంది. దురదతో యుద్ధం చేస్తూ పడుకున్నవాడికే నిద్ర రాదు. వెల్లకిలా పడుకోవాలన్న నియమం కూడా లేదు, మీకు నిద్ర పట్టే పక్కకే తిరిగి పడుకోండి.

ఒళ్ళు బిగుసుకుపోయింది, గుండెల మీద ఎవరో కూర్చున్నారు, గదిలో ఎవరో ఉన్నారు. చచ్చేంత భయమేసింది. ఇదేంటి?

ఇది నిద్ర పక్షవాతం, ఇంగ్లీషులో స్లీప్ పెరాలిసిస్. మొదట చెప్పవలసింది, ఇది మామూలే. జనంలో నూటికి ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని లెక్క, విద్యార్థుల్లో అంతకు మూడు రెట్లకి పైగా. ఎక్కువసార్లు కొద్ది సెకన్లలో, మహా అయితే నిమిషం రెండు నిమిషాల్లో విడిపోతుంది.

రెమ్‌లో మెదడు కండరాలకి అడ్డుకట్ట వేస్తుంది, కలలో పరిగెత్తితే నిజంగా లేచి పరిగెత్తకుండా. ఆ కట్ట తెగక ముందే మనసు మేలుకుంటే, లేదా వైల్డ్‌లోలాగా మనసు మెలకువగా ఉండగానే కట్ట పడితే, ఆ బిగుసుకోవడం మనకి తెలుస్తుంది. ఊపిరికి ప్రధానంగా పనిచేసే ఉదర వితానం ఆగదు. అయితే పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉంటాయి కాబట్టి, గట్టిగా పీల్చుకోవాలని చూస్తే ఛాతీ కదలదు. ఎవరో కూర్చున్నట్టు అనిపించేది అందుకే. ఊపిరి ఆగడం లేదు, దాని మీద మన పెత్తనం తగ్గింది, అంతే. ఇక మనిషి ఆకారం సంగతి: భయంలో ఉన్న మెదడు, కలలు తయారుచేసే పనిలో కూడా ఉంటే, భయానికి ఒక రూపం కట్టకుండా ఉంటుందా?

మా ఊళ్ళో దీన్ని దయ్యం ఎక్కి కూర్చోవడం అనేవారు. మా అమ్మమ్మ తలగడ కింద చాకు పెట్టుకునేది. నాకు వచ్చిన మొదటిసారి బీరువా పక్కన పొడుగాటి నల్లని ఆకారం నిలబడి ఉంది, అది వంగి నా మొహంలోకి చూస్తోంది. అరవబోతే గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు లైటు వేసుకుని పడుకున్నాను, సాధన మానేద్దామనుకున్నాను. అసలు సంగతి చదివి తెలుసుకున్నాక ఆకారాలు రావడం మానలేదు కానీ భయం మానింది. ఇప్పుడు అది వస్తే, కల గుమ్మం దాకా వచ్చానని అర్థం చేసుకుని, నెమ్మదిగా ఊపిరి వదులుతూ దర్వాజా మీద చెయ్యి తలుచుకుంటాను. చాలాసార్లు కొద్ది క్షణాల్లోనే లోపల ఉంటాను.

బయటికి వచ్చేయాలనిపిస్తే కాలి బొటనవేలు కదపడం మీద మనసు పెట్టండి, కళ్ళు అటూ ఇటూ తిప్పండి. ఒళ్ళంతా ఒకేసారి విదిలించబోవద్దు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువ వస్తుంది కాబట్టి, భయం ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి పడుకోవడమే మేలు. సాధనతో సంబంధం లేకుండా తరచూ వస్తూ, పగలు ఆపుకోలేని నిద్ర కూడా ఉంటే మాత్రం డాక్టర్ని కలవండి. నార్కోలెప్సీ అనే జబ్బులో అలా ఉంటుంది.

చెవుల్లో హోరు, ఒంట్లో కరెంటు పాకినట్టు వణుకు?

వస్తాయి, పోతాయి. అందరికీ రావు. రాకపోతే ఏదో తప్పు జరిగిందని కాదు.

లోపలికి వెళ్ళానో, కళ్ళు మూసుకుని ఊహిస్తున్నానో తేల్చుకునేదెలా?

ముక్కు మూసుకుని, నోరు మూసి గాలి పీల్చండి. కలలో ముక్కు మూసినా గాలి ఆడుతుంది. నాకు ఒక్కసారి కూడా తప్పని పరీక్ష ఇదే. ఏదైనా రాసి ఉన్నదాన్ని చదివి, తల తిప్పి మళ్ళీ చదవండి, అక్షరాలు మారిపోతాయి. లైటు స్విచ్ కూడా కలలో సరిగ్గా పనిచేయదు.

ఈ పరీక్ష మరీ అవసరమయ్యేది లేచామనుకున్నప్పుడు. మెలకువ వచ్చినట్టు కల రావడం ఈ సాధనలో చాలా మామూలు. ఒకరోజు "ఈరోజు కుదరలేదు" అనుకుంటూ లేచాను. బ్రష్ చేసుకున్నాను, తలుపు తీసి పాల ప్యాకెట్లు తెచ్చాను, గిన్నెలో పోశాను. స్టవ్ వెలిగిస్తే మంట గులాబీ రంగులో వచ్చింది. "గ్యాస్ అయిపోతోందేమో" అనుకుని సిలిండర్ బుక్ చేయడానికి ఫోన్ వెతుక్కుంటూ మెలకువలోకి వచ్చాను, ఈసారి నిజంగా. కల నా చేతిలోనే ఉంది, పాలు కాచుకుంటూ పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి లేవగానే, నిజమైనా అబద్ధమైనా, ముందు ముక్కు మూసుకుని చూస్తాను. మీరూ అలవాటు చేసుకోండి.

అడుగుపెట్టగానే కల చెదిరిపోతోంది. ఏం చెయ్యాలి?

మొదటి పదిసార్లు అందరికీ అంతే. సంతోషంతో ఒక్క గంతు వేస్తాం, కల పోతుంది. వెంటనే ఎగరబోకండి. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకోండి, ఆ వేడి కలలో తెలుస్తుంది. వంగి నేలని తడమండి, గోడకి చెయ్యి ఆనించి నడవండి. చూపు మసకబారుతుంటే దూరంగా చూడకుండా మీ చేతుల్ని చూసుకోండి. నిలబడ్డ చోటే గిరగిరా తిరగమని లబర్జ్ చెప్పేవాడు, కొందరికి అది బాగా పనిచేస్తుంది. ఒంటికి తెలిసే పని ఏదో ఒకటి జరుగుతున్నంతసేపు కల నిలుస్తుంది.

కలలో ఇరుక్కుపోతామా? కలలో చచ్చిపోతే?

లేదు. కలలో చాలాసార్లు పడిపోయాను, ఒకసారి లారీ కింద పడ్డాను. మెలకువ వచ్చింది, అంతే. రెమ్ దశ పూర్తయ్యాక మెదడే దారి మారుస్తుంది.

ఎన్నాళ్ళు పడుతుంది?

వేళ సరిగ్గా ఉంటే వారానికి రెండు రాత్రుల చొప్పున ఒకటి రెండు నెలల్లో మొదటిది రావచ్చు. ఇది నా చుట్టూ ఉన్న పది పన్నెండు మందిని చూసి చెప్పే మాట, లెక్క కాదు. ఒక పరిశోధన సంగతి మాత్రం చెబుతాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యూనివర్సిటీలో 2017లో వచ్చిన అధ్యయనంలో, ఐదు గంటల నిద్ర తర్వాత లేచి, "ఈసారి కలలో ఉన్నప్పుడు అది కలని గుర్తుపడతాను" అని సంకల్పం చెప్పుకుని పడుకున్నవాళ్ళలో సుమారు 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. అదే, సంకల్పం చెప్పుకున్నాక ఐదు నిమిషాల్లో నిద్రపోయినవాళ్ళకైతే 46 శాతం. అది మన పద్ధతి కాదు, దాన్ని మైల్డ్ అంటారు. కానీ అందులో మనకో పాఠం ఉంది. తొందరగా నిద్రపట్టినవాళ్ళే గెలిచారు, మెలకువని పట్టుకుని వేలాడినవాళ్ళు కాదు. నా సలహా, సంకల్పంతోనే మొదలుపెట్టండి. నేరుగా లోపలికి వెళ్ళగలిగితే సరే. లేదా నిద్రపోతే, అదే సంకల్పం కల మధ్యలో మిమ్మల్ని లేపుతుంది.

కల డైరీ తప్పనిసరి. కలలే గుర్తుండని మనిషికి లూసిడ్ కల వచ్చినా తెల్లారేసరికి మాయమవుతుంది. నిద్ర లేచాక కదలకుండా, కళ్ళు తెరవకుండా చివరి దృశ్యం పట్టుకుని వెనక్కి వెళ్ళండి, తర్వాత రాయండి.

నైట్ షిఫ్ట్ వాళ్ళం, చంటిపిల్ల ఉన్న ఇల్లు. మాకు కుదురుతుందా?

చంటిపిల్ల ఎలాగూ నాలుగింటికి లేపుతుంది. పిల్ల మళ్ళీ పడుకున్నాక మీరు మళ్ళీ పడుకునే ఆ వేళ సరిగ్గా సాధనకి కావలసిన వేళే. కానీ నిద్రకి మొహం వాచిన ఇంట్లో ముందు నిద్రపోండి, ఇది ఆర్నెల్లు ఆగినా ఏమీ కాదు. నైట్ షిఫ్ట్ వాళ్ళు గడియారం మర్చిపోయి, ఎప్పుడు పడుకున్నా ఐదు గంటల తర్వాత అలారం అని పెట్టుకోవాలి. పొద్దున్నే లేచినవాళ్ళకి తొమ్మిదింటికో పదింటికో తీసే కునుకు కూడా బాగుంటుంది. ఆదివారం టిఫిన్ చేసి నడుం వాల్చినప్పుడు నాకు వచ్చినన్ని వైల్డ్‌లు తెల్లవారుజామున కూడా రాలేదు.

మాత్రలు ఉన్నాయట?

అల్జీమర్స్ రోగులకి ఇచ్చే గాలంటమీన్ అనే మందు గురించి అడుగుతున్నారు. 2018లో లబర్జ్ బృందం 121 మంది మీద చేసిన అధ్యయనంలో, 8 మిల్లీగ్రాములు వేసుకున్న రాత్రి 42 శాతం మందికి లూసిడ్ కల వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు 14 శాతానికి వచ్చింది. పనిచేస్తుంది, నిజమే. కానీ అది గుండె వేగాన్ని తగ్గించగల మందు, వికారం తెప్పిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం. కల కోసం డాక్టర్ చీటీ లేకుండా తెప్పించుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఇక మద్యం తాగి పడుకుంటే రాత్రి మొదటి సగంలో రెమ్ అణిగిపోతుంది, కాబట్టి ఆ రాత్రి ప్రయత్నించడం దండగ. సాయంత్రం కాఫీ కూడా మానండి.

ఎవరు చెయ్యకూడదు?

బైపోలార్ ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా సైకోసిస్ వచ్చినవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టవద్దు. నిద్ర చెడితే ఉన్మాదం గానీ ఫిట్స్ గానీ తిరగబెట్టవచ్చు. ఏది కల, ఏది నిజం అన్న గీత ఇప్పటికే పలచగా ఉన్నవాళ్ళు దాన్ని ఇంకా చెరపకూడదు. పొద్దున్నే బండి నడిపేవాళ్ళు, పరీక్షలున్న పిల్లలు ఆ రోజుల్లో మానేయండి. నేను ఒక వేసవిలో వరసగా పన్నెండు రాత్రులు అలారం పెట్టుకున్నాను. పదమూడో రోజు సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద కునుకు పట్టింది, వెనకాయన హారన్ కొట్టాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి వారానికి రెండు రాత్రులు, అంతకు మించి లేదు.

లోపలికి వెళ్ళాక ఏం చెయ్యాలో ముందే అనుకోవాలా?

అనుకోవాలి. లేకపోతే అక్కడ నిలబడి "ఏం చేద్దాం?" అనుకునేలోపే కల అయిపోతుంది. చిన్న పని పెట్టుకోండి. తలుపు తియ్యడం, చెట్టు ఆకు తెంపి వాసన చూడటం, అంత చిన్నది.

నేను పెట్టుకున్నది ఆ దర్వాజా. అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు పడగొట్టి చాలా ఏళ్ళయింది, ఇప్పుడక్కడ రెండంతస్తుల మేడ ఉంది. దర్వాజాకి లోపలివైపు ప్రతి సంక్రాంతికీ పిల్లలందర్నీ నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసేవాళ్ళు. దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. నాలుగో వైల్డ్‌లో మూడు మెట్లూ ఎక్కి లోపలికి వెళ్ళి చూశాను. గీతలున్నాయి. అక్కది, నాది, మామయ్య కొడుకుది. నా గీత నా బొడ్డు దగ్గరికి వచ్చింది. వేలు పెట్టి తడిమితే పెన్సిల్ నొక్కిన గాడి తగిలింది. పక్కన తేదీలు చదివాను, చూపు తిప్పి మళ్ళీ చదివితే అవి వేరే తేదీలు. మూడోసారి అంకెలే కావు, చీమల బారు. అరచేతులు రుద్దుకుని, మళ్ళీ గీతల మీద వేలు పెట్టి, మెలకువ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.